కార్జం ఎవరి వంతు

ఎదుటి మనిషిని మీ బరువెంత అని అడగడం ఎంత కష్టమో పీజీ చదివే రోజుల్లో నాకు తెలిసొచ్చింది. వయసు అడిగితే నవ్వుతూ కాస్త తగ్గించి చెబుతారు. మొగుడి తాగుడు గురించి అడిగినా కాసేపు తటపటాయించి చెప్పేస్తారు. బరువు అడిగితే మాత్రం పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రారు.

నాకేమో ఆ బరువు లేకపోతే పని జరగదు. కోళ్ల దాణాలో చేరే విషాలు గుడ్డులోకీ కూరలోకీ ఎంత వస్తాయి, అవి తిన్నవాళ్లకు ఎంత ముప్పు అన్నది నా పరిశోధన. లెక్క చెప్పుకోవడానికి చిన్నదే. తినే వస్తువులో విషం ఎంతుంది, మనిషి రోజుకు ఎంత తింటాడు, ఆ మనిషి బరువెంత. మొదటి రెండిటినీ గుణించి, మూడోదానితో భాగించాలి. అదే విషం లావుపాటి మనిషికి తక్కువగా, బక్క మనిషికి ఎక్కువగా తగులుతుందన్నమాట. వచ్చిన అంకెను చూసి భయపడాలో నిమ్మళంగా ఉండాలో తేల్చుకోవాలి. సిరిసిల్లలో మా వాడకట్టుకు మా అమ్మ దీన్ని ఇంకా చిన్నది చేసి చెప్పింది. "మా బిడ్డ కోళ్లు ఏం తింటయో సూసే సదువు సదువుతున్నది" అని. అది విన్నవాళ్లు నన్ను చూసి జాలిపడేవాళ్లు.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న కాలం అది. ఆ ఏడు సమ్మె పెట్టారు. బస్సులు డిపోలు దాటలేదు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బడిపిల్లలు పండగ చేసుకున్నారు. మార్కెట్ యార్డులు కూడా మూతపడ్డాయి. సరిగ్గా అప్పుడే మక్కలు, అంటే మొక్కజొన్నలు, చేతికొచ్చాయి, సరిగ్గా అప్పుడే వాన కూడా కొట్టింది. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా రోడ్డు పక్కన పోసిన మక్కల రాశులు తడిసి, ఎండి, మళ్లీ తడిసి, ముక్కిన వాసన కొట్టాయి. మక్కలు అట్లా తడిసి బూజు పడితే అందులో ఒక విషం పుడుతుంది. బూజు కడిగితే పోతుంది కానీ విషం పోదు. ఎండబెట్టినా పోదు, ఉడకబెట్టినా పోదు. కోడి తింటే ఆ విషం దాని కార్జంలోకి, అంటే కాలేయంలోకి, చేరుతుంది. రైతులకు అది గుండెకోత. నా పరిశోధనకు మాత్రం అంతకంటే మంచి సమయం దొరకదని హైదరాబాదులో మా గైడు సారు ఫోన్లో అన్నారు. ఆయనకు నేను ఎదురు చెప్పలేదు కానీ ఆ మాట నాకు నచ్చలేదు.

ముందు సిరిసిల్లలో మొదలుపెట్టాను. సాంచెలు నడిచే ఇళ్లలో మామూలుగా మాట్లాడితే మరమగ్గాల చప్పుడులో ఏమీ వినపడదు, అందరం అరుచుకుంటూనే మాట్లాడతాం. వారానికి ఎన్నిసార్లు కోడికూర తింటారన్న నా ప్రశ్న ఆ రకంగా వీధంతా వినపడేది. ఒకాయన సాంచె ఆపి మరీ గంభీరంగా జవాబిచ్చాడు.

"తెలంగాణ అచ్చేదాక ముక్క ముట్టనని ఒట్టు వెట్టుకున్న. రాసుకో."

నేను రాసుకుంటుంటే లోపలినుంచి ఆయన భార్య అంది. "మొన్న ఆదివారం రెండుసార్లు ఏపిచ్చుకున్నడు. గది సుత రాసుకో బిడ్డ."

ఆయన మళ్లీ సాంచె ఆన్ చేశాడు. ఆ తర్వాత ఏం మాట్లాడినా ఆయనకు వినపడలేదు.

బరువు దగ్గర మాత్రం నా పప్పులు ఉడకలేదు. అంగట్లో మక్కలు తూచే కాంటా ఉంటే దాని దగ్గరికి నలుగురు ఆడవాళ్లను బతిమాలి తీసుకెళ్లాను. ముందు నువ్వెక్కు అంటే నువ్వెక్కు అని ఒకరినొకరు తోసుకున్నారు. చివరికి ఒకావిడ "నేనేమన్న మక్కల బస్తనా" అని కొంగు దోపుకొని వెళ్లిపోయింది. మిగతా ముగ్గురూ ఆమె వెంటే వెళ్లారు. అంగడాయన నా ముఖం చూసి, ఇంత దూరం వచ్చావు, నువ్వన్నా ఎక్కిపో అన్నాడు.

తర్వాత కోరుట్ల వైపు వెళ్లాను. అక్కడ పక్క ఊళ్లో మా మేనమామ ఉంటాడు. మా అమ్మ తమ్ముడు. సాంచెల చప్పుడు భరించలేక చిన్నప్పుడే సిరిసిల్ల వదిలిపెట్టి, ఊరి చివర ఒక షెడ్డు వేసి బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాడు. చప్పుడు పడనివాడు కోళ్లెందుకు పెట్టాడో ఇంతవరకూ ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఇంట్లో మామ, అత్తమ్మ, మా అమ్మమ్మ ఉంటారు. అప్పుడు మామ కూతురు కూడా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. వరసకు నాకు మరదలు. దానికి రక్తం తక్కువుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచీ అత్తమ్మకు కంటి మీద కునుకు లేదు.

మామకు కూడా సమ్మె దెబ్బ తగిలింది. దాణా లారీలు ఆగిపోయాయి. కోళ్లను ఆకలికి చంపలేక ఊళ్లోని మక్కలు కొని, తనే పిండి పట్టించి, దాణా కలపడం మొదలుపెట్టాడు. మొదట్లో అది గత్యంతరం లేక చేసిన పని. వారం తిరిగేసరికి అది ఉద్యమం అయింది.

"మన నీళ్లు మనకు, మన కొలువులు మనకు, మన దాణ మనకు. ఎక్కడినుంచో లారీల ఎందుకు రావాలె కోడలా?" అని నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి దాణా గుప్పిట్లోకి తీసి చూపించాడు. "మనిషి సుత తినచ్చు. గంత సక్కగ కలిపిన."

ముక్కిన వాసన నా ముక్కుకు తగిలింది. నేను ఏమీ అనకుండా ఒక సంచీలో ఇంత దాణా తీసుకున్నాను. నా చదువుకు తన దాణా పనికొచ్చిందని మామ పొంగిపోయాడు. ఊళ్లో కనపడినవాళ్లందరికీ తన దాణా హైదరాబాదు పోతోందని చెప్పాడు.

బస్సులు లేవు కాబట్టి జగిత్యాల నుంచి హైదరాబాదు పోయే పాల వ్యాను డ్రైవరును బతిమాలి నమూనాలు పంపేదాన్ని. పాలను ఎవరూ ఆపరు. కొన్నాళ్లకు గైడు సారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మీ మామయ్యగారి దాణా చూశాం. ఉండాల్సిన దానికి చాలా రెట్లు ఎక్కువుంది. ఆ కోళ్ల కార్జాలు పంపించు."

"మరి తినేవాళ్ల సంగతి సార్?" అన్నాను.

"కంగారు పడకు. కార్జం ఒక కోడికి ఎంతుంటుంది? ఇంటిల్లిపాదీ పంచుకుంటే ఒక్కొక్కరికి వేలి గోరంత కూడా రాదు. సగటు మనిషికి భయం లేదు."

సగటు మనిషికి భయం లేదన్నాక నాకూ ధైర్యం వచ్చింది. దాణా సంగతి మామకు మెల్లగా చెబుదామనుకున్నాను. మన దాణా మనకు అని ఊరంతా చాటుకున్న మనిషితో, అందులో విషముందని చెప్పడం అంత తేలిక కాదు. ఉద్యమద్రోహి అని నా మీదే ఒక ముద్ర వేస్తాడేమోనని నిజంగానే భయపడ్డాను. మామ షెడ్డుతో పాటు ఇంకొన్ని షెడ్ల నుంచి, రెండు మూడు చికెన్ దుకాణాల నుంచి కార్జాలు సేకరించి, విడివిడిగా కవర్లలో కట్టి, నంబర్లు రాసి, ఐసు నింపిన థర్మోకోల్ డబ్బాలో పెట్టుకొని ఒక పొద్దున ఆటోలో జగిత్యాల బయల్దేరాను.

ఊరు దాటి మెయిన్ రోడ్డెక్కగానే ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. రోడ్డు మీదే రాళ్లు పెట్టి పొయ్యిలు ముట్టించి, అక్కడే వండుకొని, అక్కడే తినడం ఆనాటి నిరసన. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అందరూ తలా ఇంత తెస్తారు. బియ్యం తెచ్చేవాళ్లు బియ్యం, పప్పు తెచ్చేవాళ్లు పప్పు, ఏమీ లేనివాళ్లు రెండు కట్టెలు. డప్పులు మోగుతున్నాయి, పాటలు పాడుతున్నారు, పిల్లలు రోడ్డు మధ్యలో గీతలు గీసి ఆడుకుంటున్నారు. ఆటో డ్రైవరు అప్పుడే వెళ్లి వరసలో కూర్చున్నాడు. తినేదాకా కదిలేది లేదని నాకు అర్థమైంది.

డబ్బా ఎండలో ఉంటే ఐసు కరుగుతుందని, చెట్టు నీడలో బియ్యం సంచుల పక్కన పెట్టాను. పాల వ్యాను డ్రైవరుకు ఆలస్యమవుతుందని చెప్పడానికి సిగ్నల్ వెతుక్కుంటూ కొంచెం దూరం నడిచాను. ఆ నడిచిన కాసేపట్లోనే నా పరిశోధనకు మసాలా పట్టించారు.

తిరిగొచ్చి చూస్తే డబ్బా మూత తీసి ఉంది. నంబర్లు రాసిన కవర్లు నేల మీద పడున్నాయి. మా మామ ఊరి పెద్దమ్మ ఒకావిడ స్టీలు గిన్నెలో కార్జాలను కడిగి, పసుపూ ఉప్పూ పట్టిస్తోంది. పక్కనే పొయ్యి మీద మూకుట్లో నూనె కాగుతోంది.

"పెద్దమ్మా, ఆగు ఆగు" అని పరిగెత్తాను.

"అచ్చినవా బిడ్డ. అందరు బియ్యం దెస్తే నువ్వు కార్జాలు దెస్తివి. మీ మామ పంపిండా?" అని ఆమె మెచ్చుకోలుగా చూసింది. "ఐసుల వెట్టి మరీ తెచ్చినవు. సదువుకున్నోళ్లు సదువుకున్నోళ్లే."

"అవి తినేటందుకు కాదు పెద్దమ్మా. టెస్టుకు తీస్కపోతున్న. కోళ్ల దాణల ఇషమున్నదో లేదో సూసేటందుకు."

పసుపు చేయి గాల్లో ఆగింది. ఆమె గిన్నెను మెల్లగా నేల మీద పెట్టి, చేతిని గడ్డికి తుడుచుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గిన్నెకు దూరం జరిగారు. ఇప్పుడు ఏ కార్జం ఏ షెడ్డుదో నాకు తెలియదు, తెలిసినా పసుపు పట్టించిన నమూనాను ఏ ల్యాబూ తీసుకోదు. ఏడవాలో నవ్వాలో అర్థం కాక అక్కడే కూర్చున్నాను. అప్పుడు కనపడింది, గిన్నె పక్కన మోదుగాకు దొప్పలో విడిగా పెట్టిన పెద్ద కార్జాలు.

"ఇవెందుకు పక్కకు పెట్టినవ్?"

"మీ మరదలుకు" అంది పెద్దమ్మ, అది కూడా అడగాలా అన్నట్టు. "కడుపుతోటి ఉన్నది గద. రక్తం లేదంటున్నరు. ఎవలింట్ల కోడి కోసినా కార్జం ముందుగాల గా పిల్లకే పంపుతున్నం. మా వాడకట్టు మొత్తం."

"మొత్తం కార్జం ఒక్కదానికేనా?"

"మరి? కార్జం ఎంతుంటది బిడ్డ, అందరికి పంచనీకి? ఇంటికి ఒక్కలకే వెడ్తరు. కడుపుతోటి ఉన్నోళ్లుంటె వాళ్లకు. లేకుంటె అల్లునికి. లేకుంటె సంటిపోరగానికి."

మా గైడు సారు చెప్పిన సగటు మనిషి నా కళ్ల ముందే గాలిలో కలిసిపోయాడు. వేలి గోరంత కార్జం పంచుకునే ఇల్లు ఈ జిల్లాలో ఎక్కడా లేదు. కార్జాన్ని ఎవరూ పంచుకోరు. ఒక్కరి కంచంలోకే పోతుంది. ఆ వాడకట్టు కోళ్లు కొనేది మా మామ దగ్గరే, ఆయన దాణా తిన్న కోళ్లు అక్కడ ఎన్ని తెగితే అన్నిటి కార్జాలూ మా మరదలి కడుపులోకి, దాని కడుపులో ఉన్న బిడ్డ దగ్గరికి వెళుతున్నాయి. అంతవరకూ కాగితం మీది అంకెలా ఉన్న ముప్పుకు ఒక్కసారిగా ముఖం వచ్చింది. దొప్పలోవీ గిన్నెలోవీ కలిపి డబ్బాలో పోసుకొని, ఆటో కోసం చూడకుండా ఊరివైపు నడక మొదలుపెట్టాను.

నేను వెళ్లేసరికి అత్తమ్మ వాకిట్లో వెల్లుల్లి వలుస్తోంది. మామ అప్పుడే షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మెల్లగా చెబుదామని దారి పొడవునా అనుకున్నదంతా మరిచిపోయి ఉన్నదున్నట్టు కక్కేశాను.

"అత్తమ్మా, దానికి ఇగ కార్జం పెట్టకు. మామ దాణల బూజు ఇషమున్నది. టెస్టుల తేలింది. గది కార్జంల చేర్తది."

"ఏంది?" అన్నాడు మామ. చెంబు కింద పెట్టాడు.

"తడిసిన మక్కల తోటి అట్లైతది మామా. నువ్వు కావాలని జేసింది కాదు."

"నా దాణల ఇషమా? గా లారీల దాణ తిన్నన్ని దినాలు ఎవలు టెస్టు జెయ్యలే. మనం మన మక్కలతోటి జేసుకోంగనే ఇషమాయె. ఎవలు జేసిండ్రు గా టెస్టు? మీ సారుది ఏ ఊరు?"

మా సారుది కోస్తా. ఆ రోజుల్లో ఆ జవాబు చెప్పడం పొయ్యిలో కిరసనాయిలు పోయడమే. అందుకని మాట మార్చి, మామా నువ్వే వాసన చూడు అన్నాను. ఆయన వాసన చూడనన్నాడు.

అత్తమ్మ వెల్లుల్లి వలవడం ఆపలేదు. "పిల్లకు రక్తం లేదు. కార్జం తింటె రక్తం పడ్తదని డాక్టరమ్మనే చెప్పింది. నువ్వు సూస్తె కోళ్ల డాక్టరువు. ఎవల మాట ఇనాలె?"

నేను కోళ్ల డాక్టరును కూడా కాను. ఆ మాట అప్పుడు పైకి అంటే నాకున్న ఇంత విలువ కూడా పోయేది. పైగా అత్తమ్మ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రక్తం తక్కువైన గర్భిణికి కార్జం మంచిదే. అది కార్జం తప్పు కాదు, మక్కల తప్పు. ఒకవైపు రక్తం లేదు, ఇంకోవైపు విషం. ఏది ఎక్కువ ముప్పో అంకెలు వేసుకుంటూ వాకిట్లో నిలబడిపోయాను.

అప్పుడు మరదలు వెనక తలుపు దగ్గర నిలబడి నన్ను కళ్లతోనే పిలిచింది. నిండు నెలల మనిషి, నడుము మీద చేయి వేసుకొని మెల్లగా షెడ్డు వెనక్కి నడిచింది. నేను వెంట వెళ్లాను.

"వదినా, నువ్వు ఒర్రకు. నేను గవి తింటలేను."

"ఏంది?"

"గా వాసన నాకు పడది. ఒక్కదినం తిన్న, మొత్తం కక్కిన. అమ్మకు చెప్తె కొడ్తది. వాడకట్టోళ్లేమో రోజు పంపుతున్నరు. కంచంల వెట్టుకొని ఈడికచ్చి తింటనని చెప్పి..." అని ఆగింది.

నాకు ఒళ్లు తేలికైంది. సంతోషం పట్టలేక దాన్ని కావలించుకోబోయాను. పొట్ట అడ్డం వచ్చింది. "మరి ఏం జేస్తున్నవే? కుక్కకు ఏస్తున్నవా?"

అది షెడ్డు చివర వైపు చూసింది. అక్కడ ఎండలో ఆరబోసిన మక్కల దగ్గర మంచం మీద మా అమ్మమ్మ కూర్చొని, చేతిలో కట్టెతో పిచ్చుకలను తోలుతోంది.

"నాయినమ్మకు పండ్లు లెవ్వు గద వదినా. కూరంటె ఆమెకు ఉత్త పులుసే. ముక్క నమలదు. కార్జమైతె మెత్తగుంటది. ఒకనాడు ఊకె ఇచ్చిన. తిన్నంక ఆమె ముఖం సూసిన. ఇగ అప్పటిసంది రోజు ఆమెకే ఇస్తున్న. ఎవలకు చెప్పలె."

వంటావార్పు దగ్గర నుంచి నేను మోసుకొచ్చిన భయం దిగిపోయిందనుకున్నంతలో మళ్లీ ఎక్కి కూర్చుంది. ఈసారి ఇంకా బరువుగా. మా అమ్మమ్మ ఎంత బక్కగా ఉంటుందంటే, చలికాలంలో దుప్పటి కప్పుకుంటే మంచం మీద మనిషి ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. భాగించే అంకె అంత చిన్నదైతే వచ్చే జవాబు ఎంత పెద్దదో నా చదువు నాకు నేర్పింది.

వెళ్లి ఆమె మంచం పట్టె మీద కూర్చున్నాను. సంగతంతా చెప్పాను. తడిసిన మక్కలు, బూజు, కార్జం, అన్నీ. ఆమె పిచ్చుకలను తోలుతూనే విన్నది. విని ముందు ఒకే మాట అడిగింది.

"పిల్ల తినలేదు గద?"

"తినలేదు అమ్మమ్మా."

"గది సాలు." కట్టె పక్కన పెట్టింది. కాసేపటికి బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. "నా కాలంల కోడి కోసుడంటేనే సుట్టమచ్చినట్టు. కార్జం సుట్టానికి. తర్వాత మీ తాతకు. తర్వాత మీ మామకు. గాడు కార్జం లేకుంటె కంచం ఇసిరికొడ్తుండె. అండుడేగాని దాని రుచెట్లుంటదో నాకు ఎరుకనే లేదు. ఇన్నేండ్లకు నా వంతు అచ్చిందనుకున్న బిడ్డ. అచ్చి అచ్చి ఇషమున్న దినమే అచ్చెనా?"

నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె అది చూసి, ఏడుస్తే మక్కలు మళ్లీ తడుస్తాయి, లే అంది.

వెనక్కి తిరిగేసరికి మామ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. కంచం విసిరికొట్టిన మాట మాత్రం విన్నట్టే ఉంది, ఆయన ముఖం చిన్నబోయింది. షెడ్డులోకి వెళ్లి, దాణా బస్తా మూతి విప్పి, తల లోపలికి పెట్టి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గడ్డపార తీసుకొని పెరట్లోకి వెళ్లాడు.

ఆ రోజుల్లో ఊరూరా దిష్టిబొమ్మలు తగలబెట్టేవాళ్లు, శవయాత్రలు తీసేవాళ్లు. మా మామ దాణాకు అట్లాంటి మర్యాదలేమీ జరగలేదు. గుంత తవ్వి, దాణా బస్తాలూ ఆరబోసిన మక్కలూ అందులో పోసి, సున్నం చల్లి పూడ్చేశాడు. నా డబ్బాలోని కార్జాలు కూడా అందులోకే వెళ్లాయి. మర్నాడు బుగ్గారంలో ఎవరో చుట్టం ఇంట్లో వాన తగలని పాత మక్కలున్నాయని తెలిసి, ట్రాక్టరు మాట్లాడుకొని వెళ్లి తెచ్చాడు. వాటిని వాసన చూసి దించుకోమని నన్నే నిలబెట్టాడు. మన దాణా మనకు అన్న మాట మాత్రం వదల్లేదు. ఎండిన మక్కలు కూడా మనవే కదా అన్నాడు.

అమ్మమ్మను జగిత్యాల తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించాం. "కార్జం తిన్నందుకు నా కార్జం సూస్తరా" అని దారంతా ఆటోలో నవ్వుతూనే ఉంది. ఆమె కార్జం బాగానే ఉందని, ఇకముందు జాగ్రత్త అని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నాక గానీ నాకు ఆకలి వేయలేదు. దారిలో మరదలి కోసం రక్తం మాత్రలు కూడా తెచ్చాం. అంతకుముందు పరగడుపున వేసుకొని కక్కుకుంటోందట. అన్నం తిన్నాక వేసుకోమన్నారు. వేసుకుంటే నిలిచాయి.

మంచి దాణా పెట్టాక కొన్నాళ్లకు కోడి కార్జంలోంచి ఆ విషం పోతుంది. ఈ సంగతి అమ్మమ్మకు చెప్పడం నా పొరపాటు. అప్పటి నుంచి ప్రతి పొద్దునా ముఖం కడుక్కోగానే నన్నే అడిగేది.

"పోయిందా?"

"ఇంక పోలేదు అమ్మమ్మా."

"నీ టెస్టు నిమ్మళంగ నడుస్తున్నది. సమ్మెల ఉన్నదా?"

చివరికి పాల వ్యానులో పంపిన కొత్త నమూనాలు చూసి, భయం లేదని గైడు సారు ఫోన్ చేశారు. సగటు మనిషి సంగతి కూడా ఆయనకు చెప్పాను. అయితే కార్జం ఎవరు తింటారని ఇంటింటా విడిగా అడుగు అమ్మాయ్ అన్నారు.

ఆ ఆదివారం మామ కోడిని కోశాడు. అత్తమ్మ వండి, అలవాటు కొద్దీ కార్జం తీసి మరదలి కంచంలో వేసింది. మరదలు కంచం వైపు చూసింది, వాళ్లమ్మ వైపు చూసింది, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"నాకు కార్జం ఒద్దమ్మ. గా వాసన పడది. నేను మాత్రలు మింగుత."

అత్తమ్మ ఏదో అనబోయింది. అంతలో మామ లేచి, కూతురి కంచంలోంచి కార్జం తీసి ఒక పళ్లెంలో వేసుకొని, తల్లి మంచం దగ్గరికి నడిచాడు. పళ్లెం ఆమె ఒళ్లో పెట్టాడు.

"మంచిదేనట అవ్వా. టెస్టు అయింది. తిను."

అమ్మమ్మ పళ్లేన్ని చూసి మరదలి వైపు తోసింది. "ఇషమున్నప్పుడు తిన్న. ఇప్పుడు మంచిదైనంక నాకెందుకు? పిల్లకు వెట్టు."

"పిల్ల ఒద్దంటున్నది. నువ్వు తిను" అన్నాడు మామ. ఆయన అక్కడినుంచి కదలలేదు. చిన్నప్పుడు కంచం విసిరికొట్టిన మనిషి ఆమె తినేదాకా పక్కనే కూర్చున్నాడు. షెడ్డు వెనక దాక్కోకుండా, వాకిట్లో అందరి ముందూ, ఆమె దాన్ని చిన్నచిన్నగా తుంచుకొని చిగుళ్లతో నిదానంగా తిన్నది.

అయ్యాక చేయి కడుక్కొని నన్ను పిలిచింది. "అందర్ని బరువెంతని అడుగుతున్నవట. నన్నెందుకు అడగలె?"

మూడు ఊళ్లు తిరిగితే తనంతట తాను బరువు చూసుకుంటానన్న ఒకే ఒక్క మనిషి మా అమ్మమ్మ. మామా నేనూ చెరో చేయి పట్టుకొని షెడ్డులోకి తీసుకెళ్లి దాణా బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టాం. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. మామ వంగి చూశాడు, కాంటా చెడిపోయిందేమోనని పక్కనున్న దాణా బస్తా వేసి చూశాడు. కాంటా బాగానే ఉంది. మా అమ్మమ్మ ఒక దాణా బస్తా అంత కూడా లేదు.

మామ ఆ బస్తా పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. అమ్మమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"తక్కువున్ననా?" అంది.

"శాన తక్కువున్నవ్ అవ్వా" అన్నాడు మామ.

"గట్లయితె అచ్చే ఆదివారం సుత కార్జం నాకే వెట్టుమని నీ పెండ్లానికి చెప్పు" అని ఆమె కాంటా దిగింది.